పక్షులకు ఇల్లు చూపిన డేవిడ్ లాక్

ఇంగ్లండు దేశములోని ఆక్స్‌ఫర్డు నగరమున విశ్వవిద్యాలయమువారి ప్రకృతిశాస్త్ర మ్యూజియము కలదు. ఆ భవనముపై ఎత్తైన గోపురమొకటి నిలిచియున్నది. ప్రతి సంవత్సరము మే నెల ఆరంభమున ఆ గోపురము చుట్టును నల్లని పక్షులు గుంపుగా చేరి, కీచుమని అరచుచు, విడిచిన బాణముల వలె దూసికొనిపోవుచుండును. చూచుచుండగనే వానిలో ఒకటి గోడవైపు తిరిగి చిన్న రంధ్రములో దూరి మాయమగును. ఆ రంధ్రము వెనుక చెక్కతో చేసిన పెట్టె యున్నది; ఆ పెట్టెలో దాని గూడున్నది. అట్టి పెట్టెలను అచ్చట అమర్చి, ఆ పక్షుల బ్రదుకును లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్.

ఆ పక్షి పేరు స్విఫ్ట్. అది సుమారు 40 గ్రాములు మాత్రమే తూగును. దాని రెక్కలు కొడవలి వలె వంగి పొడవుగా నుండును. చూచుటకు మన వానకోవెలను పోలియుండును గాని, ఆ రెండును ఒకే కుటుంబమునకు చెందినవి కావు. స్విఫ్ట్ కాళ్లు మిక్కిలి పొట్టివి. నిలువు గోడను పట్టుకొని వ్రేలాడుటకు అవి పనికివచ్చును గాని, కొమ్మపై వాలుటకుగాని, నేలపై నడచుటకుగాని అక్కరకు రావు. కావున అది ఎగురుచునే పురుగులను తినును. ఎగురుచునే చెరువునీటిని ముక్కుతో అందుకొని త్రాగును. గూటికి కావలసిన ఈకలను, గడ్డిపోచలను సైతము గాలిలో తేలుచుండగా పట్టి, తన ఉమ్మితో వానిని అంటించి గిన్నె వలె చేసికొనును. ఆకాశమే ఇల్లుగా గల ఈ పక్షికి గ్రుడ్లు పెట్టుటకు మాత్రము ఒక నెలవు కావలెను. అనాది కాలమున అది కొండచరియలలోను, ముదురు చెట్ల తొఱ్ఱలలోను గూడు కట్టెడిది. మనుష్యులు రాళ్లతోను, ఇటుకలతోను ఇండ్లు కట్టనేర్చిన పిదప వాని చూరుల క్రిందను, గోడల సందులలోను కాపురము పెట్టినది. ఈ విధముగా కొన్ని వందల సంవత్సరములుగా ఆ పక్షి మనుష్యునికి పొరుగువాడుగా గాక, ఒకే ఇంటివాడుగా బ్రదుకుచున్నది.

డేవిడ్ లాక్ 1910వ సంవత్సరము జూలై 16వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆయన తండ్రి పేరుగాంచిన శస్త్రవైద్యుడు. నగరమధ్యమున పెద్ద ఇంటిలో పెరిగినను, వేసవి వచ్చినంతనే ఆ కుటుంబము కెంట్ మండలములో సముద్రతీరమునకు దగ్గరగా నున్న న్యూ రామ్నీ అను ఊరికి పోవుచుండెను. అచ్చటి చిత్తడినేలలలో పలు జాతుల పక్షులు తిరుగుచుండును. బాలుడైన లాక్ వానిని గుర్తించుట నేర్చుకొనెను. తొమ్మిదేండ్లు నిండునప్పటికే పెక్కు పక్షుల పేర్లు ఆతనికి కంఠస్థములు. తాను చూచిన పక్షుల పేర్లన్నియు అక్షరక్రమమున వ్రాసి యొక పట్టికగా కూర్చుకొనెను. చూచినదానిని చూచినట్లు వ్రాసిపెట్టుకొనుట అనెడి అలవాటు ఆ చిన్ననాడే ఆతనికి అబ్బినది. అది తుదివరకు విడువలేదు.

పిదప ఆయన నార్‌ఫోక్ మండలములోని గ్రెషమ్స్ పాఠశాలలోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని మాగ్డలీన్ కళాశాలలోను చదివెను. 1933లో పట్టము పుచ్చుకొనెను. పరీక్షలో లభించినది ద్వితీయశ్రేణి మాత్రమే. గొప్ప పరిశోధనాలయములేవియు ఆయనను పిలువలేదు. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడైన జూలియన్ హక్స్‌లీ సిఫారసుపై డెవన్ మండలములోని డార్టింగ్‌టన్ హాల్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదిరి, పిల్లలకు జీవశాస్త్రము బోధింపసాగెను.

ఆ పాఠశాల చుట్టును తోటలు, పొదలు ఉండెను. వానిలో రాబిన్ అను చిన్న పక్షులు ఉండెడివి. ఎఱ్ఱని రొమ్ముగల ఆ పక్షిని ఆంగ్లేయులెల్లరు ఎఱుగుదురు. పండుగనాటి చీట్లపై దాని బొమ్మ వేసికొందురు. కాని దాని బ్రదుకెట్టిదో నిజముగా తెలిసినవారు అరుదు. లాక్ ఆ పక్షులను పట్టి, ఒక్కొక్కదాని కాలికి వేఱువేఱు రంగుల కడియములు తొడిగి విడిచిపెట్టెను. నాటినుండి ఏ పక్షి యేదియో దూరమునుండియే ఆయనకు తెలియుచుండెను. విద్యార్థులును ఆ పనిలో ఆయనకు తోడ్పడిరి. ఏండ్ల తరబడి చూడగా వింతలు బయటపడెను. ఆ పక్షి పాట ఆనందగీతము మాత్రమే కాదు. ఈ తావు నాది, దగ్గరకు రావలదని పరపక్షికి చేయు హెచ్చరిక. ఆ ఎఱ్ఱని రొమ్ము కూడ బెదిరింపునకే. పొదలో ఎఱ్ఱని ఈకల కట్ట నొకదానిని ఉంచిననుచాలు, రాబిన్ దానిపై పడి పొడుచుచుండెను. చాలినన్ని ఏండ్లు బ్రదుకునని అందఱు తలచుచుండిన ఆ పక్షి సగటు ఆయుర్దాయము ఒక్క సంవత్సరమునకు కొంచెము హెచ్చు మాత్రమే అనియు తేలెను. ఈ విషయములన్నియు ఆయన ఒక గ్రంథముగా వ్రాసి 1943లో ప్రకటించెను. గొప్ప పనిముట్లు లేకుండ, బడితోటలో, నాలుగు రంగుల కడియములతో నడచిన పరిశోధన యది.

1938లో లాక్ పాఠశాలనుండి సెలవు పుచ్చుకొని, పసిఫిక్ మహాసముద్రములోని గలాపగోస్ దీవులకు పోయెను. పూర్వము చార్లెస్ డార్విన్ చూచిన పిచ్చుకవంటి పక్షులు అచ్చట కలవు. వానిలో కొన్నింటి ముక్కులు లావు, కొన్నింటివి సన్నము. ఈ భేదమునకు కారణమేమని లాక్ విచారించెను. ఈ జాతివారు తమవారిని గుర్తించుటకే ముక్కులు వేఱుగా నున్నవని మొదట తలచి, అట్లే యొక గ్రంథమును కూడ వ్రాసెను. కాని తాను సేకరించిన కొలతలను మరల మరల పరిశీలింపగా ఆ యభిప్రాయము నిలువలేదు. ముక్కు ఆయా పక్షి తిను ఆహారమునకు తగినట్లు ఏర్పడినదని ఆయనకు తోచెను. వెంటనే తన మొదటి మాటను తానే కాదని, 1947లో క్రొత్త గ్రంథమును వెలువరించెను. తన తప్పును తానే లోకమునకు చెప్పుకొనుట అందఱికి సాధ్యమగు పని కాదు. ఆ గ్రంథమే ఆయనకు దేశదేశముల కీర్తి తెచ్చిపెట్టెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయన సైన్యమునకు చెందిన రాడార్ పరిశోధనలో పనిచేసెను. రాడార్ తెరపై అప్పుడప్పుడు విమానములు కాని గుర్తులు కనబడుచుండెను. అవి యేమో తెలియక కొందఱు వానికి దేవదూతలని పరిహాసముగా పేరుపెట్టిరి. అవి ఎగురుచున్న పక్షులే యని లాక్, ఆయన సహచరులు నిరూపించిరి. యుద్ధానంతరము అదే రాడార్ పక్షుల వలసలను తెలిసికొనుటకు ఆయనకు సాధనమయ్యెను.

1945లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పక్షిశాస్త్రమునకై యేర్పడిన ఎడ్వర్డ్ గ్రే పరిశోధనాలయమునకు లాక్ అధిపతి అయ్యెను. అప్పుడాయన మనస్సును ఒక ప్రశ్న వేధించుచుండెను. ఒక్కొక్క పక్షి యిన్ని గ్రుడ్లు మాత్రమే యేల పెట్టును? ఎక్కువ పెట్టిన ఎక్కువ పిల్లలు కలుగును గదా! ప్రకృతి ఈ హద్దును ఏ కారణముచేత పెట్టినది? దీనికి సమాధానము కనుగొనవలెనన్న ఒకే గూటిని, ఒకే జంటను ఏండ్ల తరబడి లోపలినుండి చూడవలెను. అడవిచెట్లపై అది కష్టము. స్విఫ్ట్ గోడరంధ్రమున గూడు కట్టును. ఏటేట ఆ రంధ్రమునకే తిరిగివచ్చును. కావున దానిని మించిన పక్షి దొరకదని ఆయన గ్రహించెను.

మ్యూజియము గోపురములోని గాలిరంధ్రములలో స్విఫ్టులు అదివఱకే గూళ్లు కట్టుచుండెను. ఆ భవనము 1860లో తెఱువబడినది. ఆ సంవత్సరమే డార్విన్ సిద్ధాంతమును గూర్చి పండితులు ఆ భవనముననే తీవ్రముగా వాదించుకొనిరి. ఇప్పుడా గోపురముననే జీవుల బ్రదుకు పోరాటమును కన్నులారా చూచుటకు లాక్ పూనుకొనెను. గాలిరంధ్రముల వెనుక చెక్కపెట్టెలు అమర్చి, లోపలినుండి చూచుటకు వీలు కల్పించెను. పక్షి బయటినుండి మునుపటివలెనే రంధ్రములో దూరును. మనుష్యుడు నిచ్చెనలెక్కి గోపురపు చీకటిలో చప్పుడు చేయక నిలిచి చూచును. 1948వ సంవత్సరము మే నెలలో ఈ పరిశోధన ఆరంభమయ్యెను. పరిశోధనాలయములో పనిచేయుచుండిన ఎలిజబెత్ సిల్వా ఆయనకు తోడైనిచ్చెనలెక్కి గూళ్లను లెక్కించుచుండెను. 1949లో వారిరువురు వివాహము చేసికొనిరి. దంపతులిద్దఱు కలిసి స్విఫ్టులను గూర్చి వ్యాసములు ప్రకటించిరి.

చీకటి గోపురములో వారు చూచిన విషయములు ఆశ్చర్యకరములు. స్విఫ్ట్ సాధారణముగా రెండు లేక మూడు గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు గాలిలో తేలు చిన్న పురుగులను పట్టి, వందలకొలది పురుగులను ఒక ఉండగా గొంతులో నింపికొని వచ్చి పిల్లల నోట పెట్టును. ఎండ కాయుచుండిన దినములలో పురుగులు సమృద్ధిగా దొరకును. వానలు, చలిగాలులు వచ్చినప్పుడు ఆకాశమే శూన్యమగును. అట్టి దినములలో పెద్ద పక్షులు ఆహారమునకై బహుదూరము పోవును. గూటిలోని పిల్లలు చావక, తమ దేహపు వేడిని తగ్గించుకొని, మత్తుగా పడియుండి, కొన్ని దినములు ఆకలికి ఓర్చుకొనును. ఎండ కాసి ఆహారము దొరకిన పిదప మరల ఎదుగసాగును. అందుచేతనే మంచి వేసవిలో అయిదారు వారములకు ఎగిరిపోవు పిల్ల, చెడ్డ వేసవిలో ఎనిమిది వారములవఱకు గూటిలోనే యుండును.

లాక్ ప్రశ్నకును అచ్చటనే సమాధానము దొరకెను. మంచి వేసవిలో ముగ్గురు పిల్లలున్న గూటినుండి ఎక్కువ పిల్లలు ఎగిరిపోవును. చెడ్డ వేసవిలోనన్న, ముగ్గురున్న గూటిలో ఆహారము అందఱికి చాలక కొన్ని చచ్చిపోవును. ఇద్దరున్న గూడే మేలు. కొంతకాలమునకు పరిశోధకులు కొన్ని గూళ్లలో అదనపు పిల్లను చేర్చి నలుగురిని చేసిచూడగా, అట్టి గూళ్లనుండి తక్కువ పిల్లలే బయటపడెను. కావున పక్షి పెట్టు గ్రుడ్ల సంఖ్య, తల్లిదండ్రులు పోషింపగల పిల్లల సంఖ్యకు సరిపోవునట్లు ఏర్పడినదని లాక్ సిద్ధాంతీకరించెను. పక్షులు తమ జాతి మేలుకొఱకు తమంతట తామే సంతానమును తగ్గించుకొనునని 1962లో వేఱొక శాస్త్రజ్ఞుడు వాదింపగా, లాక్ కోపగింపక, తన గూళ్ల లెక్కలనే సాక్ష్యముగా చూపి 1966లో బదులు చెప్పెను.

సామాన్యజనులకు సైతము తెలియునట్లు ఈ కథనంతయు ఆయన స్విఫ్ట్స్ ఇన్ ఎ టవర్ అను గ్రంథముగా వ్రాసి 1956లో ప్రకటించెను. ఈ పక్షి రాత్రులందు గాలిలోనే నిద్రించుననెడి పాతమాటను గూర్చి కూడ అందులో చర్చించెను. 2016లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు చిన్న యంత్రములను స్విఫ్టుల వీపులకు కట్టి పరిశీలింపగా, కొన్ని పక్షులు గూడు విడిచిన పిదప పది నెలలపాటు ఒక్కమారైనను వ్రాలకుండ ఎగురుచునే యుండెనని తేలెను. ఆగస్టులో ఇంగ్లండు విడిచి, సహారా ఎడారిని దాటి ఆఫ్రికాకు పోయి, మరల మే నెలకు తన పాత రంధ్రమునకే వచ్చునప్పటికి ఆ పక్షి కాలు మోపు మొదటి తావు ఆ గూడే కావచ్చును.

లాక్ 1951లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1966లో ఆక్స్‌ఫర్డులో జరిగిన అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభకు అధ్యక్షత వహించెను. 1972లో డార్విన్ పతకమును పొందెను. 1973వ సంవత్సరము మార్చి 12వ తేదీన పరమపదించెను. కాని గోపురములో లెక్కింపు ఆగలేదు. ఆయన పిదప వచ్చినవారు అవే నిచ్చెనలెక్కి అవే పెట్టెలను చూచుచుండిరి. ఒకే జాతి పక్షిని గూర్చి లోకమున అత్యధిక కాలము సాగిన పరిశోధనలలో అది యొకటిగా పేరొందినది.

ఇంతలో బయటి లోకము మారిపోయెను. పాత ఇండ్లకు మరమ్మతులు చేయువారు చలిగాలి చొరకుండ చూరుల సందులను సున్నముతోను, సిమెంటుతోను మూసివేసిరి. క్రొత్తగా కట్టిన ఇండ్ల గోడలు సందు లేనివి. పక్షికి అపకారము చేయవలెనని ఎవ్వరును తలచలేదు. ఇల్లు వెచ్చగా నుండవలెనని మాత్రమే కోరిరి. ఐనను వేలకొలది మైళ్లు ఎగిరివచ్చిన పక్షి తన రంధ్రమున్న తావునకు వచ్చి, మూసిన గోడకు మరల మరల కొట్టుకొనుచుండెను. దీనికి తోడు గాలిలోని పురుగులును తగ్గిపోయెను. 1995వ సంవత్సరము మొదలు పాతికేండ్లలో బ్రిటను దేశమున స్విఫ్టుల సంఖ్య సగమునకంటె తక్కువగా పడిపోయెను. 2021లో ఆ పక్షిని తీవ్రప్రమాదములో నున్న పక్షుల ఎఱ్ఱపట్టికలో చేర్చిరి.

అప్పుడు పలు ఊళ్లలో ప్రజలే పూనుకొనిరి. లాక్ చూచుటకై అమర్చిన పెట్టెయే ఇప్పుడు కాపాడుటకు మార్గమయ్యెను. ఇరుగుపొరుగువారు సంఘములుగా చేరి, వేసవి సాయంకాలములందు వీధులవెంట తిరిగి, ఏ యింటి చూరున ఏ పక్షి దూరుచున్నదో చూచి పట్టికలు వ్రాసిరి. వడ్రంగము తెలిసినవారు చెక్కపెట్టెలు చేసిరి. చర్చి గంటగోపురముల చెక్కరెక్కల వెనుక పెట్టెలను వరుసగా అమర్చిరి. ఇల్లు కట్టువారు లోపల బోలుగా నుండు ఇటుకను గోడలో పొదిగిరి. అది గోడతో కలిసిపోవును, ఇల్లున్నంతకాలము నిలుచును, ఇంటిలోనికి చలి చొరనీయదు. అట్టి ఇటుకలలో పిచ్చుకలును కాపురముండును. కేంబ్రిడ్జి సమీపమున ఫుల్‌బర్న్ అను గ్రామములో స్విఫ్టులు గూళ్లు కట్టుచుండిన పాత ఇండ్లను తీసివేసి క్రొత్తవి కట్టినప్పుడు, గోడలలోనే గూటిపెట్టెలు చేర్చి కట్టిరి.

పెట్టె యమర్చినంత మాత్రమున పక్షి రాదు. అది ఎత్తున నుండవలెను; ఎండ తీవ్రత తగులరాదు; ఎదుట చెట్లు అడ్డముండరాదు. స్విఫ్టుల అరుపులను యంత్రముపై వినిపించి వానిని పిలుచువారు కలరు. ఒక్కొక్కచోట ఏండ్ల తరబడి పెట్టె ఖాళీగనే యుండును. ఐనను ప్రజలు విసుగు చెందలేదు. క్రొత్తగా కట్టు ప్రతి యింటిలోను స్విఫ్టుకు ఇటుక యుంచవలెనని లక్షమందికి పైగా సంతకములు చేసి విన్నపము పంపగా, 2023వ సంవత్సరము జూలై నెలలో బ్రిటిషు పార్లమెంటు సభ్యులు దానిని గూర్చి చర్చించిరి. అట్టి చిన్నపక్షి గూటికై పార్లమెంటు సమావేశమగుట సామాన్య విషయము కాదు.

మన దేశమునను స్విఫ్ట్ జాతి పక్షులు కలవు. పాత కోటల కమానుల క్రిందను, ఆలయ గోపురములలోను, మసీదుల చూరులలోను గడ్డితోను, ఈకలతోను కట్టిన గూళ్లు గుంపులుగా కనబడును. తెల్లని నడుముగల చిన్న నల్లపక్షులు సంధ్యవేళ ఆ కట్టడముల చుట్టు గిరగిర తిరుగుచు అరచుచుండుట మనలో అనేకులు చూచియే యుందురు. కట్టడమునకు సున్నము వేయించునప్పుడు వాని గూళ్లను దులిపివేయుటయు కలదు. గ్రుడ్లు, పిల్లలు ఉన్న కాలమున ఆ పనిని కొన్ని వారములు వాయిదా వేసినచాలును. ఒక పక్షి సంసారము నిలుచును.

డేవిడ్ లాక్ గొప్ప సంపదతో గాని, అద్భుతమైన పనిముట్లతో గాని తన పనిని ఆరంభింపలేదు. బడితోటలో రంగుకడియములు, గోపురములో చెక్కపెట్టెలు ఆయన సాధనములు. ఓపిక, నిజమును ఒప్పుకొను గుణము ఆయన బలములు. ఎవరిని గాని కాపాడవలెనన్న ముందు వారి బ్రదుకు తెలిసికొనవలెను. అంతటి గోడలో ఒక చిన్న రంధ్రము విడిచిపెట్టుట వలన మనకు తఱుగునదేమియు లేదు. ఆ రంధ్రమునకై ఆఫ్రికానుండి ఎగిరివచ్చు పక్షికి అదియే సర్వస్వము. ఈ సత్యమును ఆక్స్‌ఫర్డు గోపురము ఏటేట మే నెలలో మరల మరల తెలుపుచున్నది.